తెల్ల వేలు

సెనేట్ హాల్లో ఫ్యాను తిరగతానే ఉండాది,
గాలి మాత్రం రాలేదు.
ఎన్నికల డ్యూటీ పడినోళ్ళకు ముందుగానే ఓటు.
అట్టపెట్టె అడ్డం పెట్టిన బల్ల మీద
నేనూ వేసేసినా.
కవర్లో కవరు, దానికి జిగురు,
గెజిటెడ్ సంతకం, పెట్టెలో పడిన చప్పుడు.
నాలుగు నిమిషాలు.
వేలికి సిరా కూడా పూయలేదు.

ఆ హాల్లోకి కుర్చీలు మోసింది పిల్లోళ్ళు.
పరదా కట్టింది పిల్లోళ్ళు.
"నా ఓటు నా హక్కు" అని గేటు ముందర
ముగ్గులో రాసింది బిడ్డిక ఇందుమతి,
ఎమ్మెస్సీ బాటనీ, రెండో సంవత్సరం,
మూడో బ్లాకు, నలభై ఆరో రూము.

మధ్యాహ్నం నా కౌంటరు కాడికి వచ్చింది,
చేతులకింకా రంగు.
"నేనూ ఇక్కడే వేసేయొచ్చాండీ?"
లేదమ్మా, నీ ఓటు మీ ఊళ్ళో కదా.
సీతంపేటలో బస్సు దిగినాక
ఇంకా కొండెక్కాలంట ఆ ఊరికి.
సోమవారం పోలింగు,
మంగళవారం పొద్దున్నే ప్రాక్టికల్సు.
రైల్లో వెయిటింగు లిస్టు రెండొందల పద్నాలుగు.

"రెండేళ్ళ బట్టి ఇక్కడే ఉన్నాను కదండీ.
ఇక్కడి నీళ్ళకే జుట్టు ఊడింది.
ఇక్కడి కరెంటు కోతలోనే చదివాను."

అడ్రసు ముందే మార్చుకోవాల్సింది, అన్నా.
గడువు దాటిపోయింది, అన్నా.

"జనవరిలో వచ్చాను కదండీ
హాస్టలు సర్టిఫికెట్టు కోసం.
మీరే, రేపు రమ్మన్నారు."

రేపు.
ఇరవై రెండేండ్ల సర్వీసులో
రబ్బరు స్టాంపు కన్నా
ఎక్కువ అరగదీసినా ఆ మాటను.
ఆ పాప గట్టిగా ఏమీ అనలేదు.
కౌంటరు మీద రాలిన ముగ్గుపొడిని
అరచేత్తో తుడిచి పోయింది.

పోలింగు నాడు ఏర్పేడు అవతల ఒక బడిలో
సిరా సీసా నా చేతిలో.
ఎనిమిదొందల వేళ్ళు.
పసుపు వేళ్ళు, బీడీ వేళ్ళు,
గోరు లేని వేలొకటి, యాడ గీయాలో తెలీలేదు.
సాయంత్రానికి నా కుడిచెయ్యంతా నల్లన.
ఓటేసిన గుర్తు ఉండాల్సిన ఎడమ వేలు మాత్రం
కడిగిన గిన్నె మాదిరి తెల్లగా.

రాత్రంతా బస్సులో మిషన్లను ఒళ్ళో పెట్టుకోని
తెల్లారి దించింది మా క్యాంపస్‌లోనే.
లైబ్రరీ పక్క బిల్డింగుకు సీళ్ళు, తుపాకులు, ముళ్ళకంచె.
పిల్లోళ్ళను చుట్టూ తిరిగి పొమ్మంటా ఉండారు.
కంచె వెంబడే ఇందుమతి,
ఎండిన ఆకులంటించిన అట్టలు చంకలో పెట్టుకోని
ప్రాక్టికల్సుకు పోతా ఉండాది.
నియోజకవర్గం ఓట్లన్నీ
ఆ పాప కిటికీ ఎదురుగా నిద్రపోతా ఉండాయి.
నన్ను చూసి నమస్కారం పెట్టింది.
అది పెట్టకుండా ఉంటే బాగుండు.

కొత్త బ్యాచి వచ్చింది.
అడ్మిషన్ కాగితాల కింద
ఎనిమిదో నంబరు ఫారం ఒకటి,
సంతకం చేసిన హాస్టలు సర్టిఫికెట్టు ఒకటి
కలిపి పిన్ను కొట్టి ఇస్తా ఉండా.
ఎవురూ చెప్పలేదు, ఎవురినీ అడగలేదు.

నిన్న సూపరింటెండెంటు అడిగినాడు,
"ఏమబ్బా, ఈ నెల
పిన్నులు ఇన్నెట్లా అయిపోయినాయి?"