పక్క గుమ్మం

టెక్కలిలో దాని పూర్తి పేరు ఎవరికీ గుర్తులేదు.
'చర్చి ఇనిస్టూటు' అంటే ఆటో ఆగుతుంది.

నా పని చిన్నది.
గోడలెంత, కమానులెన్ని, నెర్రెలెక్కడ,
ఉంచాలా పడగొట్టాలా అని తేల్చే కాగితానికి
నాలుగు పేజీల అంకెలు.

గోడ మందం రెండడుగుల మూడంగుళాలు.
సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు.
గీకి చూస్తే నా గోరే అరిగింది.
దూలాలు రంగూన్ టేకు,
కళింగపట్నం రేవులో దిగి ఎడ్లబండ్ల మీద వచ్చినవి;
ఒకదాని మీద ఇంకా సరుకు గుర్తు,
సగం చెరిగిన బర్మా అక్షరం,
కన్ను తెరిచిన సున్నాలా.

క్యారంబోర్డు కుంటి కాలి కింద పాత పాటల పుస్తకం.
వేదిక మీద, ఏ క్రిస్మస్ నాటకంలోనో మిగిలిపోయిన
అట్ట ఒంటె.
పెంకుల సందులోంచి పడ్డ ఎండ బిళ్ల
మధ్యాహ్నమంతా బెంచీ నుంచి బెంచీకి జరుగుతోంది
కూర్చోమని ఎవరూ అననట్టు.

తాళాలు కరుణామణి గారివి.
"కొలుసుకో బాబూ, నిదానంగా. అదేటి పారిపోద్దా?"

ప్లాను ఆవిడే తెచ్చారు, రేకు పెట్టె అడుగునుంచి.
నీలి సిరా. చెదలు తినగా మిగిలిన తూర్పు వైపు.
ఎదురు గుమ్మం: ఏడడుగులు.
పక్క గుమ్మం, పేటవాళ్లకు: నాలుగున్నర.
చందాలిచ్చిన పెద్దల కోరికట.
నాలుగున్నరంటే
పసిపిల్లలు తప్ప అందరూ వంగాల్సిందే.

పక్క గుమ్మానికి టేపు పెట్టాను.
ఏడడుగులు.
తుడిచి మళ్లీ పెట్టాను.
వెంట్రుకవాసి తేడా లేదు.

"మా ముత్తాత కట్టినాడు, యోబు మేస్త్రి.
పెద్దలొచ్చి సూసి గయ్యిమన్నారంట.
'అంకెలు సదవనేను బాబయ్యా, తప్పయిపోనాది'
అన్నాడంట.
అప్పటికే సున్నం బిగిసిపోనాది."

ప్లాను మూల పెన్సిలుతో ఇటుకల లెక్క ఉంది.
గుండ్రటి దస్తూరి.
వేలు పెట్టి కూడుకుంటూ పోయాను,
ఒక్క అంకె తప్పలేదు.
కింద, చిన్నగా: యో.

నా ఫారంలో ఒక గడి ఉంది, 'నిర్మాణ లోపాలు' అని.
పెన్ను తీసి, మూత పెట్టి, మళ్లీ తీశాను.
బయట నీలిరాయి లారీ పోతోంది;
కిటికీ అద్దాలు వణికాయి, ఒంటె ఒరిగింది.
ఆ గడి ఖాళీగానే ఉండిపోయింది.

"సీకటి పడతంది, తాళమెయ్యాల" అన్నారావిడ.
పక్క గుమ్మంలోంచే వచ్చాను.
ఏడడుగులని తెలిసీ
ఎందుకో తల వంచాను.

నా వెనకే ఆవిడ,
నెత్తిన రెండు మడత కుర్చీలు,
చేతులు వదిలేసి,
నడుస్తూ.