ఆదివారం బిళ్ళ

బెర్గెన్‌లో మందుల షాపు. బయట వాన, ఎప్పటిలాగే.
హెల్విగ్ కౌంటర్ మీద మూడు డబ్బాలు పెట్టింది.
ఇది ఖరీదు.
ఇది వేసుకుంటే ఎండ పడదు.
ఇది వారానికొక్కటే, కానీ కలలొస్తాయి.
"ఎలాంటి కలలు?"
ఆమె రసీదు వైపు చూసింది.

ఖరీదైనది నాకందదు.
మలావీలో బోరు పంపులు నీడ చూసుకుని చెడిపోవు.
కలలే కొనుక్కున్నాను.

న్ఖాటా బేలో, సరస్సు ఒడ్డున, మొదటి రాత్రే
ఏనాడో చచ్చిపోయిన మా కుక్క
దోమతెర అవతల కూర్చుని
నా అప్పులన్నీ వరసగా అప్పజెప్పింది.

ఆదివారం పొద్దున బిళ్ళ మింగుతుంటే
ఇంటామె తమందాని అడిగింది:
"జ్వరం రాకముందే మందా?"
అవునన్నాను.
నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.
ఒళ్ళో చంటివాడి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది,
తీసి, మళ్ళీ వేసింది.

తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు వాడాలట.
మంచు పడుతోంది. ఈ ఊళ్ళో ఒక్క దోమ లేదు.
కాఫీ, రొట్టె, చేదు.
ఆఖరిది మింగి
ఖాళీ అట్ట పారెయ్యబోయి ఆగాను.

తమందాని ఇంకా తియ్యలేదు
ఆ నుదుటి మీంచి చెయ్యి.