తాలుకాయ

యార్డులో పన్నెండేళ్ళుగా నా పని
ఎర్రటి గుట్టలోంచి తాలుకాయ ఏరెయ్యటం.
చీకట్లో చేతికిచ్చినా చెబుతాను
ఏది తేజానో, ఏది బాడిగో.
అంతటిదాన్ని,
నా బిడ్డ నోట్లో తాలు నాకు కనపళ్ళేదు.

గుంటూరు పెద్దాసుపత్రిలో పళ్ళ డాక్టరమ్మ,
చదువు ఇప్పుడే అయిన పిల్ల,
మా యోనా పైపెదవి ఎత్తి చూపించింది.
చిగురంచున తెల్లగా, సుద్దముక్కతో గీసినట్టు.
నొప్పి లేదుగా అన్నాను.
నొప్పొచ్చేదాకా ఆగుతావా అంది.

రాత్రి ఏం పడతావు?
పాలసీసా.
పంచదార?
రెండు చెంచాలు.
సీసా ఎప్పుడు తీస్తావు?
నేనెక్కడ తీస్తానమ్మా,
వాడి నోట్లోంచి సీసా, నా చేతుల్లోంచి వాడు
ఒకేసారి నిద్రలోకి జారతారు.

ఊడిపోయే పాలపళ్ళకి ఇంత రాద్ధాంతమా అంది మా అత్త.
మాచర్ల బస్సు కిటికీలోంచి
సీటు మీదకి తువాలు విసురుతారే, అదే ఈ పన్ను మామ్మా,
తీసేస్తే వెనకొచ్చేదానికి చోటేదీ అంది డాక్టరమ్మ.
మా అత్త జన్మలో చాలా తువాళ్ళు విసిరింది.
ఇంక మాట్లాడలేదు.

అసలు కష్టం ఇంటికొచ్చాక.
బియ్యపుగింజంత పేస్టు, మెత్తని బ్రష్షు,
పడుకోబోయేముందు నువ్వే తోమాలంది.
నేనా?
మజ్జిగ పోసినా, కొబ్బరినూనె రాసినా
నా గోళ్ళకింద ఘాటు పోదు.
పుట్టిన్నాటినుంచీ వాడి కన్నీళ్ళు
మోచేత్తోనే తుడిచాను.
పెదవి తాకానో లేదో కెవ్వుమన్నాడు.

అందుకని కెజియా తోముతుంది.
తొమ్మిదేళ్ళది. తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకుంటుంది.
నేను సెల్లు లైటు పట్టుకుంటాను.
అటు కాదే, వెనకాల, దవడ దగ్గర.
తెలుసులేమ్మా.

సీసాలో ముందు పంచదార తగ్గింది, తర్వాత పాలు.
ఐదో రాత్రికి వట్టి నీళ్ళు.
ఆ ఏడుపుకి పక్కింటి మస్తానమ్మ గోడ గుద్దింది.
ఆరో రాత్రి గొణుక్కుంటూనే వచ్చి
వాణ్ణి భుజానేసుకుని వీధి చివరిదాకా తిప్పింది.

గీత ఇంకా ఉంది.
పెరగలేదంట. మూణ్ణెల్లకి రమ్మంది.
తాలుకాయ మళ్ళీ ఎర్రబడటం నేనెన్నడూ చూళ్ళేదు.
పన్ను మాత్రం, తొందరగా పట్టుకుంటే
మళ్ళీ గట్టిపడొచ్చంట.

ఉతికిన పాతగౌను ముక్క వేలికి చుట్టుకుని
రోజూ పెదవి ఎత్తి చూస్తున్నాను.
గుడ్డ మీంచే కొరుకుతాడు దొంగ.
కొరకనీ.