పోటు లేని ఆటు

కంచరపాలెం ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో
నా పని ఉద్యోగాలివ్వడం కాదు,
గీత గీయడం.
దస్తూరీ బాగుందని
నెలాఖరున నా ముందు గ్రాఫు కాగితం పరిచేవారు.
అడుగున నల్లసిరాతో నెలలు,
మీద ఎర్రసిరాతో మనుషులు.
చిన్న గడికి అయిదువందల మంది.
పెన్సిలు మొన వెంట్రుకవాసి జారితే
ఒక పేటకి పేట పనిలోకి వెళ్ళిపోయేది.

ఆ పుస్తకం పేరు లైవ్ రిజిస్టరు.
మూడేళ్ళకోసారి వచ్చి
ఇంకా ఖాళీగానే ఉన్నానని చెప్పి
ముద్ర వేయించుకున్నవాడే
అందులో బతికున్నట్టు.

జూన్‌లో గీత లేచేది.
లైను మా మెట్లు దిగి
సైకిలు షాపు దాటి
రైల్వే గేటు దాకా పాకేది.
గూడ్సు బండి వచ్చి దాన్ని తెంపేస్తే
ఆగిపోయిన ముక్క
పెట్టెల సందుల్లోంచి
ముందు ముక్కని అనుమానంగా చూసేది.

ఉక్కు ఫ్యాక్టరీ లేస్తున్న ఏళ్ళలో
లెక్క ప్రకారం గీత దిగాలి కదా?
నిలువునా పైకి పోయింది.
కాగితం చాలక
మైదా జిగురుతో పైన ఇంకో కాగితం అతికించాను.
ఆఫీసరు గారు కంగారు పడ్డారు,
తప్పెక్కడో చూడమన్నారు.
అటెండరు ఎర్రయ్య నవ్వేడు:
"కుళాయొచ్చిందంటేనే కదమ్మా
బిందెలన్నీ ఈదిలోకొస్తాయి."

ఆ బిందెల్లో ఒకడు మడక సూరిదేముడు.
ఐటీఐ ఫిట్టరు. భూమి పోయిన ఊరు.
నంబరు 4417, ఎనభై మూడు.
మొదటిసారి వచ్చినప్పుడు
కొత్త చొక్కా మీద గుండుసూది ఇంకా తియ్యలేదు.
రెండోసారికి మీసం.
మూడోసారికి చంకలో పిల్ల,
నా స్టాంపు ప్యాడు లాక్కుని
బుగ్గలు ఊదా చేసుకుంది.
నాలుగోసారి చేతికి కట్టు.
హార్బరులో బస్తా జారిందట.
"పని చేస్తున్నావన్నమాట?" అన్నాను, కలం ఎత్తి.
"కూలండి. పని కాదు."
ఆ రెంటికీ మధ్య
నా పుస్తకంలో గడి లేదు.

తర్వాత గొట్టాలు ఒక్కొక్కటే పొగ మానేశాయి.
బయటపడ్డవాళ్ళు మా దగ్గరికి రాలేదు;
నలభై అయిదేళ్ళవాడు లైన్లో నిలబడితే
ముందున్న కుర్రాడు లేచి చోటిస్తాడు,
అది భరించలేరు.
చదువుకున్న పిల్లలు రుషికొండ అద్దాల మేడలకేసి,
మిగతావాళ్ళు తెల్లారకుండా
పరవాడ కంట్రాక్టరు టెంపోల్లోకి.
మా గేటు ముందు జీళ్ళ బండివాడు
బండి తిప్పుకుని పోయాడు.

గీత దిగింది.
ఏడాది కాదు, రెండేళ్ళు కాదు,
పోటు లేని ఆటులా.
"చూశావమ్మా, తగ్గుతోంది!"
ఆఫీసరు గారు పకోడీ తెప్పించారు.
తిన్నాను, వేడిగానే ఉన్నాయి.

తగ్గించింది నేను.
తేదీ దాటిన పేరు మీద అడ్డంగా స్కేలు పెట్టి,
వయసు దాటిన పేరు మీద
ఇంకోసారి స్కేలు పెట్టి.
4417ని కొట్టేసిన నెల
గీత ఎంత దిగిందో ఎవరికీ కనబడదు,
గడిలో అయిదువందలో వంతు.
కాగితానికి తెలీదు.
వేలికి తెలిసింది.

రిటైరైన రోజు శాలువా కప్పారు, గోడగడియారం ఇచ్చారు.
కొత్తగా చేరిన అమ్మాయి హిమజ
నా నలభై ఏళ్ళనీ కంప్యూటరు తెర మీద
ఒక్క బొమ్మలో చూపించింది.
ఎక్కుడు, శిఖరం, దిగుడు.
"కొండలా ఎంత బాగుందో కదా మేడమ్."
నేను అతుకు కోసం వెతికాను.
మైదా ఎండి కాగితం ముడతపడ్డ చోటు
తెరలో లేదు.

మొన్న గాజువాకలో ఏటీఎం దగ్గర
పొడుగు చేతుల యూనిఫారం,
లోపల ఎక్కడో సూరిదేముడు.
తెల్లమీసం.
నన్ను పోల్చుకుని కుర్చీలోంచి లేచాడు.
"అమ్మగారూ,
నా నంబరు ఇంకా ఉందేటండి?"

డబ్బు లెక్కపెట్టుకుంటున్నాను,
రెండోసారి.
"ఉంది," అన్నాను.

"అయితే ఉండనీండి," అన్నాడు
నాకు తలుపు తీసి పట్టుకుని,
"తీసీకండి."