రెండో వైపు, నాలుగో పాట

కపిబరీబి నది ఆ జూన్‌లో
అడక్కుండానే కొట్లోకి వచ్చింది.
మూడు రోజులుండి, వెళుతూ వెళుతూ
రికార్డుల అట్టలన్నీ గుజ్జు చేసి పోయింది.
బొమ్మలు పోయాయి, పేర్లు పోయాయి,
నడిమి కాగితాలు కూడా ఊడి
గచ్చు మీద చేప పొలుసుల్లా అతుక్కున్నాయి.
మిగిలినవి నల్లటి పళ్ళేలు,
రెండు వేల చిల్లర,
ఒకదానికొకటి కవలలు.

జురాందిర్ ఏడుస్తాడనుకున్నాను.
బకెట్లో సబ్బు కలిపి
పసిపిల్లలకు పోసినట్టు
ఒక్కోదానికీ నీళ్ళు పోశాడు.
చిల్లుల్లోంచి తాడు దూర్చి
నీడపట్టున ఆరేశాం.
"ఇక వీటిని ఎలా అమ్ముతావు?" అన్నాను.
"ఇన్నాళ్ళూ అట్టలమ్మాను, ఎస్మెరీనా,
ఇప్పుడు పాటలమ్ముతాను."

రెసీఫి రేవులో ఓడ దిగినవాళ్ళు
వచ్చీ రాగానే బోసనోవా ఉందా అంటారు.
మెత్తటి గిటారు, చెవిలో గుసగుస,
ఇసక మీద సాయంకాలం.
జురాందిర్ కాదనడు.
"అదీ మా ఇంటిదే, వీధివైపు కిటికీ.
కిటికీ చూసి ఇల్లంతా చూశామంటే ఎలాగండీ?
లోపలికి రండి, వంటింట్లో గోలగా ఉంది"
అని చేతికందిన పళ్ళేన్ని ముల్లు కింద పెడతాడు.

ఏది పలుకుతుందో అతనికీ తెలీదు.

ఒకసారి ఫ్రేవో.
ఎసరు మరిగి మూత ఎగిరినట్టు ఇత్తడి బాకాలు.
ఎదుటి మంగలి కొట్లో సగం గడ్డం ఆయన
నురగతోనే లేచి గొడుగు కోసం వెతుక్కున్నాడు.
ఒకసారి శోరో. మా మాటలో ఏడుపని అర్థం.
ఏడుపా అది!
వేణువు మెట్లు రెండేసి దూకుతూ దిగి
కింద నిలబడ్డ చిన్న గిటారును ఢీకొట్టి
రెండూ నవ్వుకున్నట్టుంటే.
ఒకసారి మరకతూ డోళ్ళు.
వాటి గురించి నేను చెప్పలేను,
అరలోని గాజుగ్లాసులు చెప్పాయి.

గుసగుస అడిగిన జర్మనీ పెద్దాయన
గోడకి చేరబడి మూడు గంటలు కదల్లేదు.
రేవులో ఓడ కూత వేసింది.
ఆయన వినలేదు,
వింటున్నాడు కనక.

ఆ శనివారమే దోనా జుల్మీరా
జీడిపండ్ల గంపతో గుమ్మం ముందు ఆగింది.
లోపల ఏదో ఫొర్రో: అకార్డియన్,
జబుంబా, త్రికోణం.
గంప దింపింది. పండు ఒకటి దొర్లిపోతే చూసుకోలేదు.
"రెండో వైపు తిప్పు" అంది.
కాగితం లేని పళ్ళేనికి రెండో వైపేది?
ఆమెకు తెలుసు.
"నాలుగో పాట. రెండో చరణం తర్వాత
త్రికోణం ఒక దెబ్బ తప్పుతుంది చూడు."

తప్పింది.
వెన్నెల్లో కుక్క అడుగు మరిచినంత సేపు.
మళ్ళీ అందుకుంది.

"అప్పుడే తుమ్మాడు మా తమ్ముడు అదెర్బాల్.
స్టూడియోకి గంటకింతని అద్దె,
తుమ్ముకు ఎవరిస్తారు డబ్బులు?
అలాగే ఉంచేశారు."
నవ్వింది. పమిటలేని భుజానికే కళ్ళు తుడుచుకుంది.
వాడు పోయి పదకొండేళ్ళట.

జురాందిర్ పెన్సిలు తీశాడు:
"ఈ రికార్డు పేరేంటమ్మా?"
"నాకు చదువొచ్చా?
వాళ్ళ అట్ట మీద వాడి పేరు
మొదట్నుంచీ లేదు నాయనా.
నీ వరద మావాడి దగ్గర
కొత్తగా పట్టుకుపోయిందేమీ లేదు."

గంపెత్తుకుని వెళ్ళిపోయింది.
అతను నడిమి ఖాళీలో తెల్లరంగుతో
'అదెర్బాల్, త్రికోణం' అని రాశాడు.
ఇంకేమీ రాయలేదు.
ధర అడిగితే చెప్పడు, కూర్చోమంటాడు.

ఇప్పుడు ప్రతి శనివారం
రెండో వైపు, నాలుగో పాట,
ఆ తప్పిన దెబ్బ దగ్గరికొచ్చేసరికి
మంగలో, పండ్లు కొనొచ్చిన పిల్లో,
దారి తప్పిన యాత్రికుడో,
కొట్లో ఎవరో ఒకరు
చిరంజీవ అంటారు.