పద్నాలుగు కిలోల రెండు వందల గ్రాములు

చిక్కడపల్లి సందుల నా డీటీపీ షాపు.
పదహారేండ్ల కింద పార్క్‌లేన్‌ల కొన్న కంప్యూటరు
మొన్న శనివారం పొద్దున
సంతాప సభ కార్డు సగం కొడుతుంటె
సన్నగ కూసి ఆగిపోయింది.
ఎవరి పేరు ముందర కీర్తిశేషులని కొడుతున్ననో
ఆయనకు తోడు పోయినట్టు.

ఖలందర్ భాయ్ వచ్చి మూత ఇప్పిండు.
లోపల దుమ్ము, బల్లిగుడ్డు పెంకులు,
ఎన్నడో పోయిందని ఎతికిన గుండుసూది.
చేతులు దులుపుకొని చాయ్ అడిగిండు.
డాక్టర్లు గూడ గట్లనే చెప్తరు.

సోమవారం, మైకు కట్టిన ట్రాలీ ఆటో.
పాత కూలర్లు, పాత టీవీలు, పాత కంప్యూటర్లని
ఒక్కటే గొంతు, ఊపిరి తీసుకోని గొంతు.
"ఆరు వందలు" అన్నడు డ్రైవరు.
అరువు పేపరోడు యాదికొచ్చిండు, కరెంటు బిల్లు యాదికొచ్చింది,
చెయ్యి సగం దాక సాపిన.

సగం దాకనే.

ఎండకాలంల బిల్లు బుక్కులు ఇయ్యబోయిన
ముషీరాబాద్ అవతల ఒక గోదాముకు.
వెనక రేకుల కింద
రొట్టె కాల్చినట్టు
ఆకుపచ్చ బోర్డులు కాలుస్తున్నడు ఒక పిల్లగాడు.
సీసం కరిగి పెనం మీద ఉరుకుతుంది.
నోట్లె నాణెం పెట్టుకున్నట్టు ఆ వాసన,
ఇంటికొచ్చి రెండు మాట్ల అన్నం తిన్నా పోలే.
పేరు ఇలియాసట. పన్నెండుంటయేమో.
డాల్డా డబ్బ నిండ మీటలు, ఇరిగిన కీబోర్డులయి.
నేల మీద తన పేరు పేర్సి చూపించిండు.
ఎస్ మీద అక్షరం అరిగిపోయిందట,
ఆ జాగల అయిదు అంకె పెట్టిండు.

ఆటో పోయింది, ఆ గొంతు ఇంకో సందుల ఇనబడ్డది.

ముందుగాల హార్డ్ డిస్కు.
అందుల ఎంత ఊరున్నదో నాకే ఎరుక:
పదహారేండ్ల పెండ్లి పత్రికలు,
ఎవరెవరియో ఆధార్ కార్డులు,
రేషన్ కార్డు అర్జీలు, రాజీనామా ఉత్తరాలు,
ఒకామె రాయించుకొని మల్ల తీసుకపోని విడాకుల దరఖాస్తు.
ఖలందర్ భాయ్ డ్రిల్లు పెట్టి మూడు చిల్లులు కొట్టిండు.
ఆ పళ్లెం అద్దం లెక్క మెరిసింది,
మూడు చిల్లులతోని నా మొకం.

జీడిమెట్ల దిక్కు ఒక షెడ్డు. ఆటోకు నాలుగు వందల ఇరవై.
చేతులకు తొడుగులు, మూతికి గుడ్డ కట్టుకున్న ఆడోళ్లు
స్క్రూ కొక గిన్నె, వైరు కొక గంప,
పల్లికాయ ఒలిసినట్టు ఒలుస్తున్నరు.
పొగ లేదు. అరుపు లేదు.
తూకం ఏసి రసీదు రాసిచ్చింది ఒక పిల్ల:
పద్నాలుగు కిలోల రెండు వందల గ్రాములు.
బతుకంత మందికి రసీదులు అచ్చేసిన,
ఇసొంటిది నా చేతికి రాలే ఎన్నడు.

గర్వమనిపించింది. అబద్ధమెందుకు,
బస్సుల కిటికీ పక్క సీటు దొరికినంత గర్వం.

కీబోర్డు నుంచి ఒక్క మీట మాత్రం పీకి దాసుకున్న.
ఎస్. అరగలే. తెలుగు కొట్టేటోని చేతికి
అది ఏ అక్షరమో చూసే పనే లేకుండె.

ఆ సాయంత్రమే గోదాముకు పోయిన.
ఇలియాస్ అయిదు తీసేసి ఎస్ పెట్టుకున్నడు,
ఒంటి వేలితోని సర్దిండు, ఒకసారి ఒత్తిండు,
ఎక్కడనో తెర మీద పడ్డదన్నట్టు.
తర్వాత నా ఖాళీ చేతులు చూసిండు,
నా వెనక గల్లీ చూసిండు.

"గీ ఒక్క మీటనేనా అన్నా?
డబ్బా ఏదీ?"

పొయ్యి మండుతనే ఉన్నది.
జేబుల రసీదు
ఇంకో మడత పెట్టిన.