ఖాళీ గడిలో సున్నా వేయకండి

కూర్చోండి. తడిగొడుగులు మూలనున్న బకెట్లో.
వాల్దీవియాలో వానకి సెలవివ్వరు,
ఇస్తే మనకి సెమిస్టరే ఉండదు.

నా పేరు ఇస్మేనియా కత్రిలెయో.
ఇది అనువర్తిత గణాంకశాస్త్రం, రెండో భాగం.
మొదటి భాగంలో నాణేలెగరేశారు,
సంచిలోంచి ఎర్రబంతులు తీశారు.
ఇక్కడ సంచి లేదు. నది ఉంది.
కాయే-కాయే నీటిమట్టం, రోజుకో అంకె,
నలభై ఏళ్ళ నోటుపుస్తకాలు.
ఇంటిపనికి నలభై శాతం, నదికి అరవై.
నాలుగొస్తే గట్టెక్కుతారు.
ఏడుకి ఏడు నేనింతవరకూ నలుగురికే వేశాను.

హాజరు పిలవను.
వెనక బెంచీలో నిద్రపోయేవాళ్ళు
గురక సగటు దాటకుండా చూసుకోండి.

ఇంటిపని శుక్రవారం అర్ధరాత్రిలోపు.
సెమిస్టరు మొత్తానికి మూడురోజుల వెసులుబాటు,
ఎలా ఖర్చుపెట్టుకుంటారో మీ ఇష్టం, కారణం అడగను.
ఒకప్పుడు అడిగేదాన్ని.
బెలిసారియో అనే కుర్రాడు
తండ్రి మరణ ధృవపత్రాన్ని
ప్లాస్టిక్ కవర్లో పెట్టి తెచ్చాడు, వానకి తడవకుండా.
లెక్కల కాగితాలు మాత్రం
చొక్కాలో పెట్టుకుని తడిపేశాడు.
ఆ రోజునుంచి మానేశాను.

కలిసి చేయండి. ఒకరి కోడ్ ఒకరు చూసుకోండి.
ఎవరిది చూశారో కింద పేరు రాయండి, అంతే.
రాయకపోతే తెలీదనుకోకండి:
చిలోయే నుంచొచ్చిన కార్కమో అన్నదమ్ములు
ఇద్దరూ ఒకే వరసలో, ఒకే తేదీ దగ్గర
దశాంశపు కామాని మింగేశారు.
మూడు కామా ఏడు మీటర్ల నది
ముప్ఫై ఏడు మీటర్లయి
కాగితం మీద ఊరంతా ముంచేసింది.
గోరంతలు కొండంతలవటం కళ్ళారా చూశాను.
వచ్చిన ఆరుని చెరి మూడుగా పంచితే
ఒక గోనెడు బంగాళాదుంపలు మోసుకొచ్చారు.
దుంపలు తిన్నాను. మార్కులు మారలేదు.

దిద్దేది నేనొక్కదాన్నే కాదు, అలీపియో కూడా.
వడ్డించేవాడు మనవాడే కదా అని
కడబంతిలో కూర్చునేవాళ్ళకి ముందే చెప్తున్నా,
అతనికి మీ పేర్లు కనబడవు, నంబర్లే.

పి-విలువ చిన్నదైందని పండగ చేసుకోకండి.
ఇరవైసార్లు తిప్పి తిప్పి అడిగితే
నదైనా విసిగి ఏదో ఒకటి ఒప్పుకుంటుంది.
ఎన్నిసార్లడిగారో అదీ రాయండి.
కాకిలెక్కలకి ఒకటి.
అంతకన్నా తగ్గించటానికి రూల్సు ఒప్పుకోవు.
'తెలియలేదు' అని రాసి
ఎందుకు తెలియలేదో చెప్పగలిగితే
ఆరు దాకా వేస్తాను.

ఇంకొకటుంది. ఫోన్లు పక్కన పెట్టండి.

పందొమ్మిది వందల అరవై, మే నెల పుటలో
ఒక అంకె మిగతావాటికి చుట్టం కాదు.
పోయిన సంవత్సరం రొసాల్బా దాన్ని తీసేసింది.
ఎందుకమ్మా అంటే,
గీత చక్కగా రావట్లేదు మేడమ్, అంది.
మీ అమ్మమ్మనడుగు, అన్నాను.
సోమవారం వచ్చి, ఏం మాట్లాడకుండా
ఆ చుక్కని మళ్ళీ పెట్టింది.
గీత వంకరగానే ఉంది. ఆ నలుగురిలో ఆమె ఒకతె.

ఆ చుక్క తర్వాత పదకొండు గడులు ఖాళీ.
మట్టం చూసి రాసే ఎలెఉతేరియో
అంతవరకూ ఒక్కరోజు మానలేదు.
ఏడంకె వేస్తే దాని నడుంమీద
చిన్న అడ్డగీత గీసేవాడు.
పన్నెండో రోజు ఏడుకి గీత లేదు.
వేరే చెయ్యి.

ఖాళీని సగటుతో పూడ్చకండి.
సున్నా అసలే వేయకండి.
సున్నా అంటే నది ఎండిందని.
ఖాళీ అంటే చూసే మనిషి లేడని.
పరీక్షలో ఇది తప్పక వస్తుంది.

నన్ను కలవాలంటే మంగళవారం మూడు నుంచి ఐదు,
రెండో అంతస్తు, కట్టెల పొయ్యి ఉన్న గది.
తలుపు చెమ్మకి ఉబ్బి బిగుసుకుపోతుంది,
తాళం వేసుందనుకుని వెళ్ళిపోకండి.
భుజంతో తొయ్యండి.